సాక్షి చిప్ప

రోజు 1

సరుకు పడవ వచ్చింది. అందులో జీడి గట్టిమందు లేదు. ఇకముందు కూడా రాదట.

జిగురుగది పుస్తకంలో ముందు పనికొచ్చే మాట రాయాలి, ఏడుపు ఏదైనా ఉంటే తర్వాత రాసుకోవాలి అని మా అసిరమ్మత్త నేర్పింది. కాబట్టి పనికొచ్చే మాట ఇది. ఈ యేడు నీళ్ళపడవ కట్టాలంటే కొత్త జిగురు ఎంచుకోవాలి. ఎంచుకోవలసింది నేను, దేముడమ్మని. మూడో దిబ్బ పడవల గొయ్యిలో ఇరవై రెండేళ్ళుగా జిగురు కలుపుతున్నాను.

డబ్బాల మీద ఎపాక్సీ రెజిన్ అని ఉంటుంది. మేం జిగురు అంటాం. దాంతోపాటు ఇంకో డబ్బా వస్తుంది, అది గట్టిమందు. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ కారిపోయే సరుకే, కలిస్తే రాయి. మా దిబ్బమీద కొత్త జంటని 'జిగురూ మందులా ఉండండి' అని దీవిస్తారు. నాకూ అలాగే దీవించారు. నా కాపురం మాత్రం పాళ్ళు తప్పిన జిగురులా ఎప్పటికీ గట్టిపడలేదు, అది వేరే సంగతి.

పడవ ముప్పై మూరలు. నలభై పీపాల మంచినీళ్ళు పట్టాలి. మహేంద్రగిరి రేవు నుంచి మా దిబ్బకి మధ్యలో ఉన్నదంతా ఉప్పునీరు, దాని అడుగున పాత ఊళ్ళు. మూడేళ్ళ క్రితం కూర్మయ్య నీళ్ళపడవని ముంచాడు. ఏడుగురు పోయారు, అతనితో కలిపి. అప్పట్నుంచి చిన్న తెప్పల మీద వచ్చే నీళ్ళే గతి. ఇంటికి రోజుకి ఒకటిన్నర బిందె.

గోగునార గుడ్డ సిద్ధంగా ఉంది. మగ్గాలు పదకొండు నెలలు నేస్తే సరిగ్గా ఒక్క పడవకి సరిపడా వచ్చింది. జిగురు తప్పితే గుడ్డా పోతుంది, ఇంకో పదకొండు నెలలూ పోతాయి.

ఇంకొక మాట. కిందటి పడవని ముంచిన ఇంటివాళ్ళే కొత్త పడవని మొదటిసారి నడపాలి. అది దిబ్బ కట్టుబాటు. కూర్మయ్య ఇంట్లో మిగిలింది భార్య తవిటమ్మ, ఇరవయ్యేళ్ళ కూతురు నూకరత్నం. అంటే నేను కలిపే జిగురు మీద ఎక్కి వెళ్ళేది ఆ పిల్ల.

రోజు 4

సరుకు పడవ నడిపే ఆవిడ జిగురూ మందూ జతలు రెండు రకాలు దింపింది. ఒకటి ఎర్రమూత, ఒకటి తెల్లమూత. డబ్బాల మీది కాగితాలు ఉప్పుగాలికి ఎప్పుడో ఊడిపోయాయి.

కొబ్బరిచిప్పకి మేకుతో కన్నం పెట్టి, జిగురు పోసి, ఖాళీ అయ్యేదాకా అంకెలు లెక్కపెట్టాను. మా గొయ్యిలో పలచదనం చూసేది ఇలాగే. ఎర్రమూత డెబ్భై రెండు. తెల్లమూత పంతొమ్మిది. మందు కలిపాక ఎర్రమూత అరగంటలో బిగుసుకుంది. తెల్లమూత నాలుగు గంటలు దాటినా చేప పులుసులా కదులుతూనే ఉంది.

గోగుగుడ్డని అచ్చులో పొడిగా పరుస్తాం. పైన ప్లాస్టిక్ తెర కప్పి, అంచులన్నీ బంకతో మూసి, పంపుతో గాలి లాగేస్తాం. అప్పుడు గొట్టాల్లోంచి జిగురు తనంతట తానే గుడ్డలోకి పాకుతుంది. ముప్పై మూరలూ పాకేదాకా అది బిగుసుకోకూడదు. మధ్యలో ఆగిందా, సగం పడవా సగం గోనె మిగుల్తాయి. చిన్న పడవలైతే జీడి మందుతో రెండు ముక్కలుగా చేసి అతికేవాళ్ళం. నలభై పీపాల బరువుకి అతుకు ఆగదు.

తెల్లమూత లాంటి నెమ్మది మందు నాకు కొత్త కాదు. కూర్మయ్య పడవకి అప్పుడు దొరికిన అలాంటిదే వాడాను. పడవ చక్కగా వచ్చింది. నడిపినవాడే దగ్గరదారి అని మునిగిన మేడల మీదుగా పోయి పగలగొట్టుకున్నాడు.

సరుకు పడవ ఆవిడ ఒక మాట చెప్పింది. "తెల్లమూతకి తరవాత కాసింత వేడి సూపించాలని ఫ్యాక్టరీవోళ్ళు అన్నారు." గొయ్యిలో అందరం నవ్వాం. ఇళ్ళలోకి వెళ్ళమని ఎండగంట కొట్టాక గడప దాటితే అరికాళ్ళు బొబ్బలెక్కే దిబ్బ ఇది. మాకా వేడి గురించి చెప్పేది!

రోజు 9

పాత బస్సు అద్దం మీద గుడ్డ పరిచి రెండు జిగుర్లనీ పాకించి చూశాను. ఎర్రమూత మూరన్నర పాకి ఆగిపోయింది. తెల్లమూత నాలుగు మూరల అద్దాన్నీ దాటి గొట్టంలోకి వచ్చేసింది. బుడగ లేదు, పొడి మచ్చ లేదు.

అసిరమ్మత్త వచ్చి కూర్చుంది. ఆమె నాకు మేనత్త, పని నేర్పిన గురువు. కళ్ళు పోయి ఆరేళ్ళయింది కానీ బొటనవేలు ఇంకా చూస్తుంది. అద్దం అంచు తడిమి, "బాగా పాకినాదే అమ్మీ. ఇంకేటి నీ సందేహం?" అంది.

"సందేహమేం లేదత్తా. కొత్త సరుకు గదా."

"కొత్త కోడలిని పరీచ్చించినట్టు ఎన్నాళ్ళు పరీచ్చిస్తావు? సివరాకరికి సాచ్చి సిప్ప సెప్తాది. నలభయ్యేళ్ళలో సిప్ప ఎప్పుడైనా అబద్దమాడినాదేటి?"

ఆడలేదు. తెల్లమూత అని ఇక్కడ రాసి వేలిముద్ర వేశాను.

రోజు 15

జిగురు పట్టించాం.

మా గొయ్యి ఇసకలో మూడు నిలువుల లోతున ఉంటుంది. పైన ఎంత ఎండ కాసినా లోపల ఇరవై ఏడు డిగ్రీలు దాటదు. జిగురు తొందరపడి బిగుసుకోకుండా పెద్దవాళ్ళు ఇలా తవ్వి పెట్టారు. పంపు వేసి గంటసేపు గాలి కొలిచే ముల్లు కదలకుండా చూశాక గొట్టాలు తెరిచాను. పెద్ద తొట్టిలో ఒకేసారి కలిపితే జిగురు తనలో తానే ఉడికి పొగలొస్తుంది. అందుకని చిన్న బకెట్లలో, నూటికి ముప్పై పాళ్ళు మందు తూచి, బకెట్ వెంట బకెట్ కలుపుతూ పోయాను.

నూకరత్నం తెర పక్కనే నడుస్తూ తడి గీత ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. ఇరవై మూరల దగ్గర అడిగింది. "పిన్నీ, మా అయ్య పడవకీ ఇలగే పాకినాదా?"

"ఇంతకంటే బాగా పాకింది" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలీదు. పిల్ల వంగి ఇంకో గుర్తు పెట్టింది. మూడు గంటల పది నిమిషాలకి జిగురు చివరి గొట్టంలోకి వచ్చింది.

ఆఖరి బకెట్లో మిగిలింది కొబ్బరిచిప్పలో నిండుగా పోశాను. ఇదే సాక్షి చిప్ప. ప్రతి పడవకీ ఒకటి ఉంటుంది. వేరేచోట చిప్ప చేతికిచ్చారంటే అడుక్కోమని అర్థం. మా దగ్గర చిప్ప చేతికిచ్చారంటే పడవ నీదైందని.

చిప్ప కాసేపటికి చెయ్యి కాలేంత వేడెక్కింది. తడిగుడ్డ చుట్టి పెట్టాను. పడవ మీద చెయ్యి వేస్తే జ్వరం దిగిన నుదురులా చల్లగా ఉంది. అంతా సవ్యంగా జరిగింది.

రోజు 22

గోటి రోజు. అచ్చు విప్పి పడవని ఎత్తాం. దిబ్బంతా గొయ్యి చుట్టూ చేరింది. అసిరమ్మత్త చిప్పని ఒళ్ళో పెట్టుకుని బొటనగోరు ఆనించి బలంకొద్దీ నొక్కింది.

"గోరు దిగనేదు. సిప్ప గట్టిది!" అంది.

డప్పులు మోగాయి. దిబ్బకి పెద్ద, గురువులు అనే ఆయన, చిప్పని అందరికీ చూపించి పాతమాట చదివాడు. చిప్ప గట్టిదైతే పడవ గట్టిది, పడవ గట్టిదైతే ఇక తప్పు ఏదైనా సరంగుది. సరంగు అంటే పడవ నడిపే మనిషి. నూకరత్నం తలవంచి విన్నది.

తవిటమ్మ దగ్గరికి రాలేదు, కొబ్బరి మొక్కల అవతలే నిలబడింది. పడవ మునిగితే దాని చిప్పని సరంగు ఇంటి గుమ్మానికి కడతారు. కూర్మయ్య చిప్ప మూడేళ్ళుగా ఆమె గుమ్మానికి వేలాడుతోంది. ఇంట్లోకి వంగి వెళ్ళాలి, వంగి రావాలి. నీళ్ళ వరసలో ఆ ఇంటిది ఆఖరి బిందె. తెప్ప తక్కువ తెచ్చిన రోజు ఆఖరి బిందె నిండదు.

పాపం అనిపిస్తుంది. కానీ చిప్ప గట్టిది కదా, అనుకుంటాను.

రోజు 24

పనికొచ్చే మాట ముందు. తెల్లమూత జిగురు మా గొయ్యిలో పూర్తిగా గట్టిపడలేదు. పడవ పనికిరాదు.

ఇప్పుడు జరిగింది రాస్తాను. పడవ అంచులు కోయగా మిగిలిన రెండు మూరల బద్దని ఇంటికి తెచ్చుకున్నాను. దొడ్లో రెండు రాళ్ళ మీద ఆనించి, పైన ఎండుచేపల జాడీ పెట్టాను. ఎండ తగ్గి చల్లగంట కొట్టాక తలుపు తీసి చూస్తే జాడీ నేలమీద దొర్లి ఉంది. పిల్లి పనే అనుకుని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. తర్వాత బద్దని చూశాను. నడుం వంగిన ముసలమ్మలా మధ్యలోకి దిగిపోయి ఉంది. చల్లారాక ఆ వంపులోనే బిగుసుకుంది.

చిప్పని అడిగి తెచ్చుకున్నాను. వేలు పెట్టలేనంత వేడినీళ్ళలో చిప్పనీ బద్దనీ కలిపి వేశాను. చిప్ప రాయిలాగే ఉంది. బద్ద తడిసిన అట్టలా వంగింది.

అరుగు మీద కూలబడ్డాను. కుప్పపోసిన తడి ధాన్యం తనలో తానే వేడెక్కుతుంది, కళ్ళంలో పలచగా పరిచింది వేడెక్కదు. చిన్నప్పుడు మా అవ్వ చెప్పిన మాట. మా దిబ్బమీద ధాన్యమే లేదు కాబట్టి మర్చిపోయాను. చిప్పలో జిగురు కుప్పగా ఉంటుంది. అది తన వేడికి తానే ఉడికి గట్టిపడుతుంది. పడవలో జిగురు గోరంత మందాన పరుచుకుని ఉంటుంది, దానికి సొంత వేడి పుట్టదు. పైగా చల్లటి గొయ్యి. జీడి మందు చలిలో కూడా గట్టిపడే రకం, అందుకే ఇన్నాళ్ళూ చిప్పా పడవా ఒకే మాట చెప్పాయి. నెమ్మది మందుతో చిప్ప ఒకటి చెబుతుంది, పడవ ఒకటవుతుంది. గొయ్యిలో ఉన్నప్పుడు తేడా తెలీదు. నడిసముద్రంలో మిట్టమధ్యాహ్నం ఎండకి నలభై పీపాల బరువుతో వెళ్తున్నప్పుడు తెలుస్తుంది.

అప్పుడు పాత పుస్తకం తీశాను. మూడేళ్ళ క్రితం పేజీ. నా చేతిరాతే. 'నెమ్మది మందు. చిప్ప పట్టుకోలేనంత వేడెక్కింది. తడిగుడ్డ చుట్టాను. పడవ చల్లగా ఉంది. అంతా సవ్యం.'

కూర్మయ్య ఏ మేడనీ గుద్దలేదు. అతని కాళ్ళ కింద పడవ మెత్తబడింది. ఏడుగురినీ నేనే ముంచాను. ముంచి, ఆ తప్పుని తీసుకెళ్ళి అతని గుమ్మానికి కట్టాను. ఆరోజు ముడి వేసింది కూడా నేనే.

ఏడుపు తర్వాత రాసుకోమంది అత్త. ఎలా రాయాలో మాత్రం చెప్పలేదు.

రోజు 25

అత్తకి చెప్పాను. బద్దని వేడినీళ్ళలో ముంచి చేతికిచ్చాను. గోరు ఆనించింది. దిగింది.

"బాగుసెయ్యలేవా?" అంది.

"చేయొచ్చత్తా. సరుకు పడవ ఆవిడ వేడి చూపించమన్నది ఇదే. పడవని మళ్ళీ అచ్చులో కూర్చోబెట్టి, అరవై దాకా మెల్లగా ఎక్కించి, ఎనిమిది గంటలు ఉంచితే గట్టిపడుతుంది. ముక్క మీద చేసి చూశాను."

"అయితే సెయ్యి. అడిగినోళ్ళకి పడవకి దూపం ఏస్తన్నామని సెప్పు. ఎవులూ ఏటీ అనరు."

"మరి కూర్మయ్య సంగతి?"

అత్త చెయ్యి నా మోకాలు వెతుక్కుని పట్టుకుంది. "దేముడమ్మా, సచ్చినోడు తిరిగొస్తాడేటి? పిల్ల పడవ గట్టిగుంటాది, అది సాలదా? సిప్ప అబద్దమని సెప్పినావనుకో, ఈ దిబ్బమీద ఇంకెవులు పడవెక్కుతారు? నలభయ్యేళ్ళు నాను ఈ గోటితోటి సెప్పినాను. అదంతా ఏటైపోవాల?"

ఆమె భయం నాకు అర్థమైంది. అదే భయం నాకూ ఉంది, ఇంకా ఎక్కువే ఉంది. ఆమెది గోరు మాత్రమే. చెయ్యి నాది.

సరే ముందు పడవ చూద్దాం అని లేచి వచ్చేశాను. ఆ మాటని అడ్డం పెట్టుకుని దాక్కున్నానని నాకు తెలుసు.

రోజు 30

గొయ్యి మీద తెరచాప గుడ్డ రెండు వరసలు కప్పాం. జీడిపిక్కలు కాల్చే పెద్దపొయ్యిని గొయ్యి గట్టున పెట్టి, తూము గొట్టంతో వేడిగాలి లోపలికి తోలాం. జీడితొక్కు పొగకి కళ్ళు మండి చేతుల మీద చర్మం లేచింది. పొద్దున్న చల్లగాలికే మొదలుపెట్టి గంటకి పది చొప్పున ఎక్కించాను. తొందరపడితే గట్టిపడకముందే మెత్తబడి పడవ ఆకారం పోతుంది. ముల్లుని అరవై దగ్గర ఎనిమిది గంటలు ఉంచి, పొయ్యి ఆర్పి, తెర తీయకుండా దానంతటది చల్లారేదాకా వదిలేశాం.

నూకరత్నం తొక్కు బుట్టలు మోసింది. "ఏటి పిన్నీ, మా అయ్య పడవకి దూపం ఎయ్యనేదు గదా, దీనికెందుకు?" అని అడిగింది.

జవాబు నోటిదాకా వచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించాను. పొగ ఉంది కాబట్టి నమ్మింది.

తర్వాత పడవ అంచులోంచే అరచేతి వెడల్పు ముక్క కోసి వేడినీళ్ళలో వేశాను. వంగలేదు. దానిమీద నిలబడ్డాను. నేను తేలికైన మనిషిని కాను. అయినా వంగలేదు. పడవ ఇప్పుడు నిజంగా గట్టిది.

ఎవరికీ ఏమీ తెలీదు. దేముడమ్మకి చాదస్తం ఎక్కువైందని మాత్రం గొయ్యిలో నవ్వుకుంటున్నారు. నేను నోరు మూసుకుంటే ఇదంతా ఇక్కడితో అయిపోతుంది. ఈ నాలుగు పేజీలూ చింపితే చాలు.

నీళ్ళు తెచ్చుకోవడానికి తవిటమ్మ ఇంటి ముందు నుంచే వెళ్ళాలి. ఈ వారం రోజులూ చుట్టూ తిరిగి వెళ్ళాను.

రోజు 33

పడవ దింపే రోజు. పొద్దున్నే దిబ్బంతా రేవు దగ్గరుంది. ఆచారం ప్రకారం జిగురు కలిపిన మనిషి చిప్పని సరంగు చేతిలో పెట్టి, 'చిప్ప గట్టిది, ఇక నీదే పూచీ' అనాలి. నూకరత్నం దోసిలి పట్టి నిలబడింది. వాళ్ళ నాన్న కూడా ఇలాగే పట్టాడు. అరచేతుల్లో అవే కాయలు.

నేను చిప్ప ఇవ్వలేదు. వేడినీళ్ళ గిన్నె తెప్పించి అందరి ముందూ పెట్టాను. వంగిన బద్దని అందులో ముంచి తీసి, రెండు చేతులతో మెలితిప్పి చూపించాను. "ధూపం వెయ్యకముందు పడవ ఇలా ఉంది. చిప్ప గట్టిదే. పడవ గట్టిది కాదు" అన్నాను. తర్వాత ఉడికించిన ముక్క చూపించాను. తర్వాత పాత పుస్తకం తెరిచి మూడేళ్ళ క్రితం పేజీ చదివాను. అయ్యాక మళ్ళీ మొదటినుంచి చదివాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు నావైపు చూడటం మానేశారు. పోయిన ఏడుగురిలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న పెద్ద గురువులు ముందుకొచ్చాడు.

"ఈ పడవ సంగతి సూపించినావు, సరే. ఆ పడవ కూడా అలగే అయినాదని ఎలగ సెప్తావు? అది సముద్రంల ఉన్నాది. నువ్వు సూసినావేటి?"

చూడలేదు. నా దగ్గర ఉన్నది నా రాత ఒక్కటే. అదే చెప్పాను.

తవిటమ్మ ఇంటివైపు నడిచి వెళ్ళిపోవడం కనిపించింది. వినలేక వెళ్ళిపోయిందనుకున్నాం. కాసేపటికి తిరిగొచ్చింది. చేతిలో మడతపెట్టిన మగవాళ్ళ చొక్కా. అందులో జానెడు పడవ ముక్క, గోగునార పోగులు బయటికి వేలాడుతూ.

"అప్పుడు ఒడ్డుకి కొట్టుకొచ్చినాది ఇదొక్కటే. ఎవులికీ సెప్పనేదు. పెట్టిలో దాసుకున్నాను" అంది. గిన్నె ముందు కూర్చుని, పసిపిల్లకి స్నానం చేయించినంత మెల్లగా దాన్ని నీళ్ళలోకి వదిలింది.

అసిరమ్మత్త తనని అక్కడికి తీసుకెళ్ళమని నా భుజం పట్టుకుంది. ఆమె ఏం చెబితే దిబ్బ అదే నమ్ముతుంది. కావాలంటే గట్టిగానే ఉందనగలదు. ఆ ముక్కని తీసుకుని బొటనగోరు ఆనించింది. గోరు మెల్లగా లోపలికి పోవడం నేను చూశాను. రెండు చేతులతో వంచింది. వంగింది.

"దిగినాది" అంది. వినబడలేదేమో అని మళ్ళీ గట్టిగా అంది. "గోరు దిగినాది. కూర్మయ్య తప్పు కాదు. నా గోరుదే తప్పు. ఈ దేముడమ్మదీ, నాదీ."

నూకరత్నం తల్లి పక్కన కూలబడి ఆ చొక్కాలో మొహం పెట్టుకుంది.

తవిటమ్మ దగ్గరికి వెళ్ళి, "అక్కా" అన్నాను. క్షమించమని అడగడానికి నాకు సిగ్గేసింది.

ఆమె నన్ను చూడలేదు. "ముడి నువ్వే ఏసినావు. నువ్వే ఇప్పు" అంది.

అందరూ చూస్తుండగా ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి, వంగి, చిప్పని విప్పాను. మూడేళ్ళ ఉప్పుకి తాడు బిగుసుకుపోయి గోళ్ళు విరిగాయి. ఏం చెయ్యాలని అడిగితే, "నాకెందుకు? నీ జిగురు గదా, అట్టుకుపో" అంది. తెచ్చి మా గుమ్మానికి కట్టుకున్నాను. ఎవరూ కట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు.

మధ్యాహ్నం దాకా పడవ ఒడ్డునే ఉంది. ఎక్కమని నూకరత్నాన్ని ఎవరూ అడగలేకపోయారు. ఇక ఆ ఇంటికి కట్టుబాటు లేదు కదా. చల్లగంట కొట్టాక ఆ పిల్లే నా దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, ఇది గట్టిదేనా?"

"గట్టిది. నేనూ ఎక్కుతాను."

"నువ్వొద్దు. నువ్వు రాసుకో" అని పోయి ఎక్కింది.

కాబట్టి రాస్తున్నాను. నా తర్వాత ఈ పుస్తకం పట్టేవాళ్ళు చదవండి. చిప్పలో పోసిన జిగురు సాక్షి కాదు. పడవ అంచునుంచి కోసిన పలచటి బద్దే సాక్షి. దాన్ని నడివేసవి ఎండలో, జాడీ బరువు పెట్టి, ఒక రోజంతా చూడండి. వంగితే పడవ దింపొద్దు. ఎవరు ఎంత నవ్వినా దింపొద్దు.

రోజు 36

పడవ తిరిగొచ్చింది. నలభై పీపాలూ నిండుగా వచ్చాయి. రెండు మధ్యాహ్నాలు నడిసముద్రంలో మాడిందట. ఎక్కడా గోరంత వంపు లేదు. నూకరత్నం దిగుతూనే అడుగంతా తట్టి చూపించింది. నవ్వలేదు, నాతో మాట్లాడనూ లేదు. చూపించింది, చాలు.

నీళ్ళ వరస కట్టారు. ముందు బిందె పెట్టే చోటు ఖాళీగా వదిలి అందరూ పక్కకి జరిగారు. పెద్ద గురువులు తవిటమ్మని పిలిచాడు. "నువ్వు ముందు పట్టుకోమ్మా." ఆమె వినిపించనట్టే తన బిందె పట్టుకుని వరస చివరికి నడిచింది. మూడేళ్ళ అలవాటో, కోపమో నాకు తెలీదు. అక్కడ బిందె దించి, చెంగుతో మొహం తుడుచుకుంది.

నేను నా బిందె తీసుకెళ్ళి ఆమె వెనక పెట్టాను.

బిందె చప్పుడుకి ఆమె ఉలిక్కిపడి తిరిగింది. మూడేళ్ళలో ఆమె వెనక ఎప్పుడూ ఎవరూ నిలబడలేదు. నన్నూ, నా బిందెనీ చూసింది. "నీదగ్గిరికొచ్చీసరికి అయిపోతాయేమో" అంది.

"అయిపోనీ అక్కా" అన్నాను.

వరస కదిలింది.